రేకుల కప్పు చెమర్చి బూజు పడుతుంటే ఏం చేయాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అవి వెనకబట్టి ఆకాశం తేటపడ్డాక, ధనుర్మాసపు తెల్లవారుజామున, మేడమీద ఏటవాలుగా రేకులు వేసిన గదిలో మంచం మీద నీటి బొట్లు పడుతుంటాయి. రేకు కురుస్తోందని మేస్త్రీని పిలిచి బోల్టుల చుట్టూ సీలెంట్ పూయిస్తారు. అయినా ఆగదు. ఆ నీరు గదిలోని గాలిదే. ఇనప రేకు రాత్రి తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలికన్నా చల్లబడుతుంది. 25 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే, రేకు 21 డిగ్రీలకు దిగగానే దానికి నీరు పడుతుంది.

ముందు కారణం తేల్చుకోండి. బోల్టుల దగ్గర, రేకు మీద రేకు ఎక్కే చోట మాత్రమే తడి ఉంటే కురుస్తున్నట్టు. వాన లేని రోజు కూడా రేకంతా తడిగా ఉంటే చెమరుస్తున్నట్టు. కింద ఫాల్స్ సీలింగ్ ఉంటే, ఒక అల్యూమినియం ఫాయిల్ ముక్కను అంచులన్నీ టేపుతో మూసి దానికి అంటించండి. రెండు రోజుల తర్వాత గది వైపు తడిస్తే అది గదిలోని తేమ. వెనక తడిస్తే నీరు పైనుంచి దిగుతోంది.

తర్వాత బూజు తీయాలి. సిమెంటు రేకులైతే ఇక్కడ ఆగండి. పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. గీకినా, పొడి బ్రష్‌తో రుద్దినా, డ్రిల్ వేసినా దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఏళ్ల తర్వాత క్యాన్సర్ తేవచ్చు. బాగా తడిపి, మెత్తటి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. ఇనప రేకుకూ పీవీసీ సీలింగ్‌కూ డిటర్జెంట్ నీళ్లు చాలు. ఎన్95 మాస్కు, గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లనూ పిల్లలనూ ఆ గదిలోకి రానివ్వొద్దు. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, పొరపాటున కూడా కలపకండి. జిప్సం బోర్డు లోపలికి బూజు దిగితే ఆ ముక్క కోసి తీసేయాల్సిందే. పైన పెయింట్ వేసి కప్పేస్తే మళ్లీ వస్తుంది.

గదిలో పుట్టే తేమను కూడా తగ్గించాలి. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ అయిపోయేసరికి 20 లీటర్లకు పైగా నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుంది. కూరల ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు దానికి అదనం. వేడి ఆవిరి కొప్పు దగ్గరికే చేరుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను వీలైనంత ఎత్తున పెట్టించండి.

అసలు మందు ఇన్సులేషనే. ఒకవైపు ఫాయిల్ ఉన్న, నీరు పీల్చని ఫోమ్ షీట్‌ను రేకు అడుగున ఎక్కడా ఖాళీ లేకుండా గమ్‌తో అంటించి, అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూయించండి. ఈ అతుకుల దగ్గరే పనివాళ్లు తొందరపడతారు, మీరు దగ్గరుండి చూసుకోండి. సందు మిగిలితే తడి గాలి దానిగుండా వెళ్లి రేకును తాకుతుంది. అప్పుడు నీరు ఫోమ్ వెనక పట్టి, బూజు కంటికి కనబడకుండా పెరుగుతుంది. థర్మాకోల్ పలకలు వద్దు. వాటి అతుకులు విడిపోతాయి, నిప్పు తగిలితే అంటుకుంటాయి. రేకు పైన తెల్ల పెయింట్ ఎండాకాలం వేడికి బాగా పనికొస్తుంది కానీ రాత్రి చెమర్చడాన్ని ఆపదు.

ఈ పని ఫిబ్రవరిలో పెట్టుకోండి. రేకు పొడిగా ఉంటేనే గమ్ పట్టుకుంటుంది, అందుకే మంచు ఆరిపోయాక మొదలుపెట్టించండి.