యూరప్‌కి ట్రక్ డ్రైవర్‌గా వెళ్లే ముందు

- ఏజెంటుకి డబ్బు కట్టకముందే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ చూడండి. సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.
- విజిట్ వీసా మీద పని? వద్దు.
- మన హెవీ లైసెన్స్ ఒక్కటే చాలదు, అక్కడ ‘కోడ్ 95’ (వృత్తి డ్రైవర్ శిక్షణ పూర్తయిందని చూపే గుర్తు) అర్హత కావాలి. ఆ శిక్షణ ఖర్చు ఎవరిది, ఆ రోజులకు జీతముందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఇవన్నీ కాంట్రాక్టులో ఉండాలి. గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.
- మూలజీతం, రోజువారీ భత్యం విడివిడిగా రాయించుకోండి.
- రోజుకు 9 గంటలే డ్రైవింగ్, వారంలో రెండుసార్లు 10. బండిలోని టాకోగ్రాఫ్ అనే పరికరం డ్రైవింగ్, విశ్రాంతి సమయాలన్నీ రికార్డు చేస్తుంది. రాత్రంతా నడిపే మన అలవాటు అక్కడ జరిమానాయే.
- పాస్‌పోర్ట్ మీ దగ్గరే, కాపీలు ఇంట్లో.