పాత టేకు దివాన్ కొంటున్నారా? ముందు బోర్లా తిప్పించండి

1950, 60లలో చేసిన టేకు దివాన్లు కర్నూలు పాత సామాన్ల అంగళ్లకు ఇప్పటికీ అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తుంటాయి. సాదా పట్టెలు, చెక్కుడు పని ఉండదు. కాళ్లు కిందికి పోయేకొద్దీ సన్నబడి కాస్త బయటికి వాలి ఉంటాయి. ఆ రోజుల్లో డెన్మార్క్‌లో హాన్స్ వెగ్నర్, చండీగఢ్‌లో పియేర్ జానరే అనే డిజైనర్లు చేసిన సామాన్ల తీరు అది. నాకు ఈ దివాన్లంటే ప్రాణం. అందుకే చెప్తున్నా, పైన మెరిసే పాలిష్ చూసి డబ్బులివ్వకండి. జబ్బులన్నీ కింది వైపే బయటపడతాయి.

సమస్య: కాళ్ల మీద అడ్డంగా నల్లటి గీత, అతుకులు వదులు

మా ఊళ్లో ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈ దివాన్ 2009లో ఎక్కడుంది?" ఆ ఏడు అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. ఇళ్లల్లోని సామానంతా నీళ్లలో నానింది. ఆ నీళ్లు తాగిన దివాన్లు ఎండి, పాలిష్ వేయించుకుని, మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

నేను కొన్న మొదటి దివాన్ అలాంటిదే. కాళ్ల మీద గీత చూపిస్తే, "ఎండకు అట్లయింది అక్కా" అన్నాడు అంగడాయన. నమ్మాను. ఇంటికి తెచ్చి ఒక కాలు ఊడదీస్తే, బెజ్జం లోపల బూడిద రంగు ఒండ్రు గట్టిపడి ఉంది. గోటితో గీకితే పిండిలా రాలింది. మేకుల చుట్టూ రూపాయి బిళ్లంత నల్లటి మచ్చలు.

కారణం ఇది. ఆ కాలంలో అతుకులకు చాలావరకు జంతువుల తోలుతో, ఎముకలతో కాచిన జిగురే వాడేవాళ్లు. నీళ్లు తగిలితే అది కరిగిపోతుంది. మేకుల ఇనుము, తడి, కట్టెలోని వగరు మూడూ కలిస్తే నల్ల మచ్చ పడుతుంది. టేకు మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది, పట్టు వదిలేది జిగురే.

కాబట్టి గీత కనబడగానే వద్దనుకోకండి. ముందు అది గట్టి టేకో, పైన పలుచటి టేకు పొర అంటించిన ప్లైవుడ్డో తేల్చుకోండి. పట్టె కొస చూడండి. పైనున్న కట్టె చారలు కొస మీదుగా దిగి కొనసాగితే గట్టి కట్టె. కొసలో పొరలు పొరలుగా కనబడితే ప్లైవుడ్. వరదలో నానిన ప్లైవుడ్‌ని ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు. గట్టి టేకైతే అతుకులన్నీ విప్పించి, పాత జిగురును వేడినీళ్ల గుడ్డతో పూర్తిగా తుడిపించండి. పాత జిగురు మీదే ఫెవికాల్ పోస్తే పట్టదు. బాగా ఆరాక కొత్త జిగురు పూసి, తాడు బిగించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. "రెండు మేకులు కొడితే సరిపోతుందిలే" అనే ఆచారి ఉంటే దండం పెట్టి పంపించేయండి. మేకు కొడితే సన్నటి కాలు పైభాగంలో పగులుతుంది, దాన్ని మళ్లీ అతికించడం చాలా కష్టం. నల్ల మచ్చలకు పాలిష్ పనివాళ్ల దగ్గర ఆక్సాలిక్ యాసిడ్ ఉంటుంది. చేతికి తొడుగు వేసుకునే వాడాలి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి.

ఇంకో మాట. చెన్నై లాంటి సముద్రపు ఊరి నుంచి తెచ్చిన దివాన్ మన దగ్గర ఏప్రిల్‌కల్లా కిర్రుమనడం మొదలుపెడితే అది వరద పని కాదు. పొడి గాలికి కట్టె కుంచించుకుపోతుంది. అప్పుడు తొందరపడకండి, ఒక ఎండాకాలం గడిచాకే అతికించండి.

సమస్య: ఇంటికి తెచ్చి పెడితే ఊగుతోంది

కాలు కోయించే ముందు నేల చూడండి. మనవి చాలావరకు కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లు. ఒక్కో బండ ఒక్కో ఎత్తులో ఉంటుంది. దివాన్‌ను గదిలో ఇంకో రెండు మూడు చోట్ల పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా ఒకేలా ఊగితే తప్పు కాలిది. ఒక్క చోటే ఊగి, మిగతా చోట్ల కుదురుగా నిలబడితే తప్పు బండది. బండదైతే ఒక చిన్న తోలు ముక్క చాలు. జరిపేటప్పుడు మాత్రం ఈడ్చకండి, ఇద్దరు పట్టి ఎత్తాలి. వాలుగా ఉన్న కాళ్లు ఈడ్పుకు తట్టుకోలేవు.

సమస్య: కింద సన్నటి పిండి

మట్టి దారులు కనబడితే చెదలు. గుండుసూది మొనంత రంధ్రాలు, కింద గోధుమపిండి లాంటి పొడి ఉంటే చెక్కపురుగు. టేకు చేవను అది ముట్టదు, తెల్లగా ఉండే పైకట్టెనే తింటుంది. పురుగు ఇంకా ఉందా, పాత రంధ్రాలేనా? కింద నల్ల కాగితం పరిచి, పట్టెను నాలుగు దెబ్బలు తట్టి, దులిపేసి, రెండు రోజులాగి చూడండి. మళ్లీ పిండి రాలితే ఉన్నట్టే. పురుగుమందును సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించి, ప్లాస్టిక్ కవరు చుట్టి కొన్నాళ్లు ఉంచాలి. తర్వాత రంధ్రాలను మైనంతో మూసేయండి. మళ్లీ పిండి రాలితే కొత్త రంధ్రం ఎక్కడో వెంటనే తెలుస్తుంది.

సమస్య: ఒక పక్క పాలిష్ తెల్లగా మారింది

ఆ పక్క కూలర్ ఉందా? అదే కారణం. పాత పాలిష్ లక్కది, తేమ తగిలితే తెల్లబడుతుంది. కనబడని చోట స్పిరిట్‌లో తడిపిన దూదితో రుద్దండి. రంగు దూదికి అంటుకుంటే లక్క పాలిషే. అదే పాలిష్ పలుచగా మళ్లీ వేయిస్తే పోతుంది. కూలర్‌ను మాత్రం అవతలి పక్కకు మార్చండి. తేమ వాసన పోగొట్టాలని మే నెల ఎండలో పెట్టకండి, వసారా నీడ చాలు.

సమస్య: కేన్ అల్లిక కుంగింది

తెగకపోతే అదృష్టమే. అడుగు వైపు నుంచి తడిగుడ్డ అద్ది గంటసేపు నాననివ్వండి. ఆరేటప్పుడు అదే బిగుస్తుంది. నాలుగు చోట్ల తెగి ఉంటే మొత్తం మార్పించాల్సిందే.

సమస్య: "చండీగఢ్‌ది" అంటూ పెద్ద రేటు

జానరే కాలపు చండీగఢ్ ఆఫీసుల సామాన్ల గుర్తు ఇదేనంటూ కాలు మీద తెల్ల అక్షరాలు చూపిస్తారు. అక్షరాలు ఎవరైనా రాయొచ్చు. ఆ ఊరి పాత సామాన్లను వేలం వేయొద్దని కేంద్ర హోంశాఖ 2011లోనే ఆదేశించింది. కాగితాలు లేకుండా ఆ పేరుకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. కట్టెకు, పనితనానికి ఇవ్వండి.

సమస్య: పడుకుంటే బాగుంది, కూర్చుంటే నడుము పట్టేస్తోంది

దివాన్ వెడల్పు 30 అంగుళాలు ఉందనుకోండి. మనం వీపు ఆనించి హాయిగా కూర్చోవడానికి 20, 22 చాలు. మిగిలిన 8, 10 అంగుళాలు ఖాళీ. అంతే లావు బాలీసు గోడ పక్కన పెడితే లెక్క సరిపోతుంది. పరుపుతో కలిపి ఎత్తు 16 నుంచి 18 అంగుళాల మధ్య ఉండాలి, లేకపోతే పెద్దవాళ్లు లేవలేరు. మా అమ్మ మోకాళ్ల కోసం నేను రెండంగుళాల ఫోమ్ తీసేసి, నాలుగంగుళాల బూరుగుదూది పరుపు కుట్టించాను. ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర నుంచి లేవడానికి ఆమె ఎవరినీ పిలవదు.