కొత్త పీసీలో డిస్‌ప్లే రాకపోతే: ఎస్‌ఎంపీఎస్ మార్చి చూసే ముందు

కొత్తగా అసెంబుల్ చేసిన పీసీ ఆన్ కాదు. పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం వస్తుంది. తెలిసినవాళ్ల దగ్గర ఇంకొకటి, కేబుళ్లు విడిగా ఊడివచ్చే (మాడ్యులర్) రకం, తెచ్చి పెడతారు. కేబుళ్లన్నీ కేబినెట్ వెనకాల టై వేసి సర్ది ఉన్నాయి కదా, మళ్లీ విప్పడమెందుకని పాత కేబుళ్లనే కొత్త ఎస్‌ఎంపీఎస్‌కి గుచ్చి స్విచ్ వేస్తారు. సాటా ఎస్‌ఎస్‌డీ, ఇంటిల్లిపాది ఫొటోలున్న హార్డ్ డిస్క్ ఆ క్షణమే పోతాయి. ఇలాంటి ఫిర్యాదు ఈ మధ్య మళ్లీ వచ్చింది. ఇది ఏ ఒక్కరికో జరిగిన దురదృష్టం కాదు, ఏళ్లుగా జరుగుతూనే ఉంది.

కారణం ఇది. కేబుల్‌కి మదర్‌బోర్డ్ వైపు, డిస్క్ వైపు ఉండే కనెక్టర్లకు ఒక ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు ఉండే కొసకు ఏ ప్రమాణమూ లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, ఏ పిన్నులో 5 వోల్టులు, ఏది గ్రౌండ్ అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా తేడా ఉండొచ్చు. అయినా ప్లగ్గు చక్కగా దూరుతుంది, క్లిక్కుమంటుంది. ప్రమాదమంతా అక్కడే. డిస్క్‌లో 5 వోల్టులు వెళ్లాల్సిన దారిలో 12 వెళ్తే అందులోని చిప్పులు క్షణం కూడా ఆగవు. కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మారితే దానితో పాటు ప్రతి కేబులూ మారాలి. మదర్‌బోర్డ్‌కి వెళ్లే 24 పిన్ కేబులైనా, డిస్క్‌కి కరెంటిచ్చే సాటా కేబులైనా ఇదే నియమం. పరీక్ష కోసం రెండు నిమిషాలు పెడుతున్నా ఇదే నియమం. కేబుళ్లు సర్దే పని లేకుండా కేబినెట్ బయట వేలాడదీసి చూడండి, అంతేగానీ పాతవి వాడకండి.

అసలు చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్ దాకా పోవాల్సిన పనే ఉండదు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించి సర్దుకోవడానికి సమయం తీసుకుంటాయి. ఏఎం5 (ఏఎండీ కొత్త రైజెన్ ప్రాసెసర్ల సాకెట్) బోర్డుల్లో రెండు మూడు నిమిషాలు నల్ల తెర ఉండటం మామూలే. ర్యామ్ ఎక్కువుంటే పది పదిహేను నిమిషాలు కూడా పట్టొచ్చు. ఫ్యాన్లు తిరుగుతూ, బోర్డు మీద డ్రామ్ (ర్యామ్) లైటు వెలుగుతూ ఉంటే కూర్చుని ఆగండి. మధ్యలో స్విచ్ తీస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

తర్వాత మానిటర్ కేబుల్ చూడండి. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, బోర్డుకి కాదు. 12400ఎఫ్ లాంటి, పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో, రైజెన్ 5 5600లో డిస్‌ప్లే ఇచ్చే భాగమే లేదు. కార్డ్ లేకుండా వాటితో తెర మీద ఏమీ రాదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. ర్యామ్ ఒక కొస కూర్చుని రెండో కొస లేచి ఉండటం కొత్తవాళ్ల బోర్డుల్లో తరచూ కనిపించే లోపం.

అప్పటికీ రాకపోతే బోర్డును బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. వెండి రంగు యాంటీస్టాటిక్ కవరు మీద పెట్టొద్దు, దాని పైభాగం కరెంటును పంపగలదు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, 24 పిన్, ప్రాసెసర్ 8 పిన్, ఇవి మాత్రమే ఉంచండి. ప్రాసెసర్‌లో డిస్‌ప్లే లేకపోతే గ్రాఫిక్స్ కార్డ్ కూడా. బోర్డు మీద పవర్ స్విచ్ వైరు తగిలించే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం కలిపితే చాలు. ఇలా పని చేసి కేబినెట్‌లో పని చేయకపోతే బోర్డు కింద ఎక్కడో అదనంగా బిగించిన ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి ఉంచే చిన్న దిమ్మె) తగులుతోందేమో చూడండి.

ఇక ఇవి ఒక్కోటీ గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ప్రాసెసర్ 8 పిన్, గ్రాఫిక్స్ 8 పిన్ ఒకటి కావు. మొదటిది నాలుగు, నాలుగుగా విడిపోతుంది, రెండోది ఆరు, రెండుగా. బలవంతంగా తోస్తే 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారవుతాయి.

డేటా ఉన్న డిస్కులను పరీక్షల సమయంలో తగిలించవద్దు. మిగతాదంతా నిలబడ్డాకే అవి.

కేబుల్ పీకే ముందు, పెట్టే ముందు గోడ ప్లగ్గు తీయండి. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఒక్కటే చాలదు.

ఎర్తింగ్ లేని సాకెట్‌లో పెట్టకండి. కేబినెట్ తాకితే చురుక్కుమంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, తర్వాతే పీసీ. మూడో పిన్ను విరిచిన ప్లగ్గు వాడకండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో 400 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డ్ 16 పిన్ కనెక్టర్‌కీ దాని సాకెట్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు కూడా కనిపించకూడదు. అది మోసే 600 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు. 2022 అక్టోబరు నుంచి ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర కరిగిపోయిన ప్లగ్గుల ఫొటోలు వస్తూనే ఉన్నాయి. కనెక్టర్ పక్కనే కేబుల్‌ను వంచకండి. పక్క తలుపు నొక్కి మూయాల్సి వస్తే ఆ కేబినెట్ సరిపోదు.

మూడు పిన్నుల 5 వోల్టుల లైట్లను బోర్డు మీద నాలుగు పిన్నుల 12 వోల్టుల హెడర్‌కి (పిన్నుల వరుసకి) పెట్టకండి.

ఏఎం4 (ఏఎండీ పాత రైజెన్ ప్రాసెసర్ల సాకెట్) కూలర్‌ను ఒక్కసారిగా లాగకండి. ప్రాసెసర్ పేస్ట్‌కి అతుక్కుని ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. వేడిగా ఉన్నప్పుడు మెల్లగా తిప్పి తీయండి.

కూలర్ కింద ప్లాస్టిక్ పొర తీశారా?

ఇంటెల్ 13, 14 తరం ప్రాసెసర్లు గేముల మధ్యలో ఆగిపోతుంటే 2024 చివర్లో గానీ ఆ తర్వాత గానీ వచ్చిన బయాస్ (బోర్డును నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) వేయండి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్ దానితో బాగుపడదు, వారంటీకి పంపండి. రైజెన్ 7000 ఎక్స్3డీ వాడేవాళ్లు 2023 ఏప్రిల్ నాటి పాత బయాస్‌తో ఎక్స్‌పో (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆన్ చేయకండి. బయాస్‌లో కనిపించే ప్రాసెసర్ ఎస్‌ఓసీ వోల్టేజీ 1.3 వోల్టులు దాటకూడదు.

గాలివాన ఉన్న సాయంత్రం బయాస్ అప్‌డేట్ పెట్టకండి. యూపీఎస్ ఉంటేనే చేయండి.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పీసీ ఉన్నట్టుండి ఆగిపోతే మళ్లీ ఎస్‌ఎంపీఎస్ మార్చకండి. ముందు నేరుగా మెయిన్ కరెంటు మీద చూడండి.

మార్చక తప్పకపోతే, పాత కేబుళ్లు పీకండి. అన్నీ. కనెక్టర్ సరిపోతోంది కదా అని ఒక్కటి కూడా వదలకండి. మిగిలిన కేబుళ్లను ఏ మోడల్ ఎస్‌ఎంపీఎస్‌వో టేపు మీద రాసి అంటించి విడి కవర్లో పెట్టండి. ఏ ఎస్‌ఎంపీఎస్‌దో తెలియని పవర్ కేబుల్ ఇంట్లో ఉంటే ఈరోజే కత్తిరించి పారేయండి.