ఉచిత ప్రసంగమాల: హాలు నిండాలంటే, వక్తకు సమయం మిగలాలంటే

'ప్రవేశం ఉచితం' అని పోస్టర్ మీద వేసినంత మాత్రాన జనం రారు. విజయవాడలోనో గుంటూరులోనో శనివారం సాయంత్రం ఇంట్లోంచి కదిలే మనిషికి అసలు ఖర్చు టికెట్టు డబ్బు కాదు, రానుపోను ప్రయాణంతో కలిపి మూడు నాలుగు గంటల పొద్దు. అందులో సగం జ్యోతి ప్రజ్వలనకీ శాలువాలకీ పోయిందంటే రెండోసారి ఆ మనిషి రాడు. అందుకని విశ్వవిద్యాలయం తరఫున ప్రసంగమాల తలపెట్టేవాళ్ళు వక్త పేరు ఆలోచించేలోపే రోజు, చోటు, మొదలయ్యే వేళ, ముగిసే వేళ ఖాయం చేసుకోవాలి. నాలుగిట్లో నాలుగోదే అందరూ వదిలేస్తారు.

రోజు, చోటు

నెలకొకటి చాలు. మూడో శనివారం సాయంత్రం 5:30 మంచి వేళ. రెండో శనివారం ఆఫీసులకు సెలవు, చాలామంది సొంత ఊళ్ళకు పోతారు. నాలుగో శనివారం బ్యాంకులు ఉండవు, వాళ్ళ సంగతీ అంతే. ఏ రోజు పెట్టుకున్నా దాన్ని మాత్రం కదపకండి. వక్తకు ఆ రోజు వీలుపడకపోతే ఆయన్ని వేరే నెలకు మార్చండి, తేదీని మార్చొద్దు. జనానికి గుర్తుండేది మీ పోస్టర్ కాదు, 'మూడో శనివారం' అన్న అలవాటే.

జూలై నుంచి మార్చి దాకా పెట్టుకుని, అందులో జనవరి తీసేస్తే ఏడాదికి ఎనిమిది ప్రసంగాలు వస్తాయి. జనవరిలో మూడో శనివారం 15కీ 21కీ మధ్య పడుతుంది, అంటే సంక్రాంతికి వెళ్ళినవాళ్ళు ఇంకా తిరిగి రారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండా పరీక్షలూ కలిసి వస్తాయి. దసరా ఏటా మారుతుంది కాబట్టి క్యాలెండర్ ఖాయం చేసేముందు పంచాంగం పక్కన పెట్టుకోండి. ఇంద్రకీలాద్రి ఉత్సవాల రోజుల్లో విజయవాడలో ట్రాఫిక్ మళ్ళిస్తారు, హోటల్ గదులు దొరకవు. పెళ్ళి ముహూర్తాలు కూడా చూసుకోవాలి. శ్రావణంలో, మాఘంలో గట్టి ముహూర్తం ఉన్న సాయంత్రం మీ శ్రోతల్లో సగం మంది ఏదో ఒక కల్యాణ మండపంలో ఉంటారు.

నంబూరు దగ్గరున్న నాగార్జున విశ్వవిద్యాలయంలా క్యాంపస్ హైవే పక్కన, రెండు ఊళ్ళకూ మధ్యలో ఉంటే అసలు చిక్కు రావడంలో ఉండదు, తిరిగి వెళ్ళడంలో ఉంటుంది. విజయవాడ, గుంటూరు మధ్య బస్సులకు కొదవ లేదు గానీ నాన్‌స్టాప్ బస్సులు గేటు దగ్గర ఆగవు. డిసెంబరులో ఆరింటికే చీకటి పడుతుంది. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు ఏడింటికి హైవే మీద నిలబడాలంటే ఆలోచిస్తారు. విశ్వవిద్యాలయం బస్సులు రెండు అడిగి పెట్టుకోండి: ఒకటి గుంటూరు వైపు, ఒకటి విజయవాడ వైపు, సభ ముగిసిన పావుగంటకు బయల్దేరేటట్టు. ఆ సంగతి పోస్టర్ మీద వక్త పేరంత పెద్ద అక్షరాల్లో వేసినా తప్పులేదు. బస్సులు ఇవ్వలేమంటే ఒక నెల విజయవాడలో, ఒక నెల గుంటూరులో ఏదో కాలేజీ సెమినార్ హాలు తీసుకోవడం నయం.

హాలు చిన్నదే మేలు. 500 కుర్చీల ఆడిటోరియంలో 120 మంది కూర్చుంటే సభ వెలవెలబోతుంది. వచ్చినవాళ్ళంతా వెనక వరసల్లో చేరతారు, వక్త ఖాళీ కుర్చీలతో మాట్లాడాల్సి వస్తుంది. అదే 120 మంది 150 కుర్చీల హాల్లో ఉంటే సభకు ఊపు వస్తుంది. ఇక హాజరు వేస్తామని చెప్పి మొదటి సంవత్సరం విద్యార్థులను తోలుకొచ్చి హాలు నింపే పద్ధతి ఉందే, దాన్ని మొదటి ప్రసంగం నుంచే మానేయండి. వాళ్ళు ఫోన్లు చూసుకుంటారు, మధ్యలో గుంపుగా లేచి వెళ్తారు, ఇష్టపడి వచ్చినవాళ్ళకు చోటుండదు.

వక్తతో ముందుగానే

పిలుపు 10 నుంచి 12 వారాల ముందు వెళ్ళాలి. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది (2024 నవంబరు దాకా ఇది 120 రోజులుండేది), ఆలోపు వక్త 'సరే' అనుండాలి. ఉత్తరంలో ఇవన్నీ ఒకేసారి రాయండి: తేదీ, వేళ, హాలు, శ్రోతలు ఎవరు, ఏ భాషలో మాట్లాడాలి, 45 నిమిషాల ప్రసంగం, 30 నిమిషాల ప్రశ్నలు, ప్రయాణం, బస, పారితోషికం, వీడియో తీసి నెట్‌లో పెట్టడానికి అనుమతి. అనుమతి రాతలోనే ఉండాలి. ప్రసంగం అయ్యాక అడిగితే మొహమాటానికి ఊ అంటారు, తరవాత తీసేయమంటారు.

పారితోషికం చిన్నదైనా ఎంతో ముందే చెప్పండి. పాన్, బ్యాంకు వివరాలు పిలుపుతోపాటే తీసుకోండి. ఫైలు కదలడానికి అవి లేకపోవడమే ఎక్కువసార్లు అడ్డం. టికెట్లు మీరే కొనిస్తే అతిథి చేతి డబ్బు పెట్టుకుని నెలల తరబడి బిల్లు కోసం చూడాల్సిన పని తప్పుతుంది. ఎనిమిది ప్రసంగాలకూ కలిపి ఏడాది మొదట్లోనే ఒకే ప్రతిపాదన పెట్టి మంజూరు తీసుకోండి. విడివిడిగా పెడితే ప్రతి నెలా ఫైలు శాఖాధిపతి దగ్గర మొదలై రిజిస్ట్రారు, ఫైనాన్సు విభాగం చుట్టూ తిరుగుతుంది. ఎవరి పేరు మీదైనా స్మారక నిధి ఇస్తామని దాతలు వస్తే లెక్క ముందే చెప్పండి: 10 లక్షల డిపాజిట్ మీద 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి 70,000 రూపాయలు. ఎనిమిది ప్రసంగాలకు పంచితే ఒక్కోదానికి 8,750. టీ ఖర్చుకూ వీడియోకూ సరిపోవచ్చేమో గానీ విమానం టికెట్టుకు చాలదు.

గన్నవరం విమానాశ్రయంలో దిగే అతిథికి విజయవాడ దాటి రావాలి. సాయంత్రం వేళ బెంజి సర్కిల్, వారధి మీదుగా ఎంతసేపు పడుతుందో నమ్మకంగా చెప్పలేం. మధ్యాహ్నం రెండుకల్లా గెస్ట్‌హౌస్‌లో ఉండేటట్టు టికెట్టు తీయండి. తిరుగు రైలు రాత్రి 9:30కి ముందుది వద్దు.

ప్రసంగానికి రెండు వారాల ముందు ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడండి. సమావేశాల్లో తోటి పరిశోధకులకు చెప్పినట్టే ఇక్కడా చెబితే రిటైరైన హెడ్మాస్టరూ ఇంటర్ చదివే పిల్లా ఇద్దరూ పది నిమిషాల్లో జారిపోతారు. 'ఒకే ప్రశ్న తీసుకోండి, స్లైడ్లు ఇరవైకి మించొద్దు, తెలుగులో చెప్పండి, శాస్త్ర పదాలు ఇంగ్లిష్‌లోనే వాడినా పర్లేదు' అని సూటిగా చెప్పొచ్చు. మంచి వక్తలు దీనికి నొచ్చుకోరు.

తెర, మైకు, కరెంటు

తెలుగు స్లైడ్లతో ఒక తలనొప్పి ఉంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేయించిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాల బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో చేసినవైనా పాత సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతాయి. ఫైలు రెండు రోజుల ముందే తెప్పించుకోండి, పీపీటీతోపాటు పీడీఎఫ్ కూడా అడగండి. తెలుగు అక్షరం సైజు 32కి తగ్గకూడదు, వరసల మధ్య ఎడం ఎక్కువుండాలి. లేకపోతే కింది ఒత్తులూ పై గుడులూ ఒకదానిమీదొకటి ఎక్కి చివరి వరసకు మసకగా కనిపిస్తాయి.

మైకులు మూడు కావాలి: వక్తకు కాలరు మైకు, పోడియం మీద ఒకటి, ప్రశ్నలకు చేతి మైకు. కార్డ్‌లెస్ మైకుల్లో ఆ సాయంత్రానికి కొత్త బ్యాటరీలు వేయండి, పాతవి సరిగ్గా ప్రశ్నల సమయంలో చచ్చిపోతాయి. కాలరు మైకుతో వక్త స్పీకర్ల ముందుకు నడిస్తే కీచుమంటుంది. స్పీకర్లు వక్త నిలబడే గీతకు ముందు, శ్రోతల వైపు తిప్పి ఉండాలి. అప్పటికీ ఆగకపోతే వాల్యూమ్ తగ్గించడమే మందు. వీడియోకు శబ్దం మైకులన్నిటినీ కలిపే మిక్సర్ లైన్ అవుట్ నుంచి తీసుకోండి. కెమెరా మైకు మీద వదిలేస్తే హాలు చివరి నుంచి వినిపించేది ఫ్యాన్ల రొదే. వారం ముందు అదే హాల్లో, అదే వేళకు ఒకసారి అన్నీ పెట్టి చూడండి. సాయంత్రపు ఎండ కిటికీలోంచి తెర మీద పడుతుందేమో పొద్దున వెళ్తే తెలియదు.

కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లకే దీపంతో నడిచే ప్రొజెక్టర్ ఆరిపోయి, చల్లారి మళ్ళీ వెలగడానికి నిమిషాలు తీసుకుంటుంది. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, మిక్సర్ మూడింటికీ 1 కేవీఏ యూపీఎస్ ఒకటి చాలు. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో ఆ రోజు మధ్యాహ్నమే చూడండి. 'ఉంటుంది' అన్న మాట మీద వదిలేయొద్దు.

కబురు

పత్రికల జిల్లా పేజీల్లో 'నేడు' శీర్షిక కింద వచ్చే రెండు వరసల ప్రకటనకు ఇప్పటికీ విలువుంది, పెద్దవాళ్ళు అదే చూసి వస్తారు. ముందు రోజు మధ్యాహ్నానికల్లా విలేకరులకు చేరాలి. అందులో గేటు పేరు, బస్సు వేళ ఉండాలి, వక్త బిరుదులు అక్కర్లేదు. వాకర్స్ సంఘాలు, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, గుంటూరు బ్రాడీపేట కోచింగ్ సెంటర్లు, శాఖా గ్రంథాలయాల నోటీసు బోర్డులు ఫ్లెక్సీకంటే బాగా పనిచేస్తాయి. 1948 నుంచీ ఉన్న ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్నీ అడిగి చూడండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. ఛానెల్ పెట్టి, దాని క్యూఆర్ కోడ్ హాలు గుమ్మం దగ్గర అతికించండి.

సభ నడిపే పద్ధతి

ఎక్కువ సభలు చెడేది ఇక్కడే. వేదిక మీద ఏడు కుర్చీలుంటే ఏడుగురూ మాట్లాడతారు. ఒక్కొక్కరు 'రెండు మాటలు' అని లేచి పది నిమిషాలు తీసుకుంటారు, ఏడింటికి గాని అసలు వక్తకు మైకు దక్కదు. లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్సు సంస్థ 1820ల నుంచి నడుపుతున్న శుక్రవారపు ప్రసంగాల్లో వక్త తలుపు తోసుకుని లోపలికొచ్చి, పరిచయం, నమస్కారం లేకుండా నేరుగా విషయంలోకి దిగుతాడు, గంటకు ఆపేస్తాడు. మన దగ్గర అంత కరకుగా ఉంటే బాగోదు. కానీ వేదిక మీద రెండే కుర్చీలు పెట్టండి: వక్తకు ఒకటి, సభ నడిపేవారికి ఒకటి. ఉపకులపతి వస్తే మొదటి వరస మధ్యలో సగౌరవంగా కూర్చోబెట్టండి. ఆయన ఆలస్యమైతే సభ ఆగకూడదు, ఆ సంగతి ఆయన కార్యాలయానికి ముందే చెప్పి ఉంచితే పేచీ రాదు. జ్యోతి ప్రజ్వలన ఏడాదిలో మొదటి ప్రసంగానికి పెట్టుకోండి, తక్కినవాటికి వద్దు.

5:00కి తలుపులు తెరిచి టీ ఇవ్వండి. టీ ముందే పెడితే జనం వేళకు వస్తారు, చివర పెడితే ప్రశ్నల సమయంలోనే లేచి వెళ్తారు. 150 మందికి 80 మిల్లీలీటర్ల కప్పు లెక్కన 12 లీటర్లు, 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు రెండు. పునుగులు, బజ్జీలు వద్దు, బిస్కెట్లు చాలు. 5:30కి మొదలు. వక్త పరిచయం రెండు నిమిషాలు, 150 మాటలు, కాగితం చూసి చదవాలి. వక్త పంపిన నాలుగు పేజీల బయోడేటాలోంచి ఈ విషయానికి సంబంధించిన మూడు సంగతులు ఏరుకుంటే సరిపోతుంది. 5:35 నుంచి 6:20 దాకా ప్రసంగం. ముందు వరసలో ఒకరు '10', '5', '1' అని రాసిన అట్టలు పట్టుకుని కూర్చోవాలి. 6:50కి ప్రశ్నలు ముగించి, శాలువా కప్పి, ఒక్క నిమిషంలో వందన సమర్పణ. అధ్యక్షులవారు ప్రసంగ సారాంశం మళ్ళీ చెప్పే ఆనవాయితీని వదిలేయండి, జనం అప్పుడే విన్నారు. 7:10కి బస్సులు కదలాలి.

ప్రశ్నల అరగంటకు గట్టి మనిషి కావాలి. చేతి మైకు ప్రశ్న అడిగేవారికి ఇచ్చేయకూడదు, వాలంటీరే పట్టుకుని ఉండాలి. చేతికిచ్చారా, స్వీయ పద్యంతో మొదలై స్వానుభవాలతో సాగుతుంది, లాక్కోవడానికి ఎవరికీ మనసొప్పదు. మొదటి ప్రశ్న విద్యార్థికి ఇవ్వండి. మొదట పెద్దవాళ్ళు లేస్తే ఆ తరవాత పిల్లలు నోరు విప్పరు. లేచి అడగడానికి జంకేవాళ్ళ కోసం టీ దగ్గరే చీటీలు, పెన్సిళ్ళు పెట్టి, 6:15కి పోగుచేయండి. ఒకేలాంటివి కలిపి సభ నడిపేవారు చదవాలి. మైకు లేకుండా ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను వేదిక మీంచి మళ్ళీ చెప్పాలి, లేకపోతే వీడియోలో జవాబొక్కటే మిగులుతుంది.

వీడియో వారంలోపు ఎక్కించండి, నెల దాటితే దాన్ని ఎవరూ వెతకరు. మొదటి ఐదు నిమిషాలు, శాలువా ఘట్టం కత్తిరించి నేరుగా ప్రసంగంతో మొదలుపెట్టండి. శీర్షికలో వక్త పేరుకంటే ముందు విషయం, తెలుగులో. ప్రశ్నలు ఎక్కడ మొదలవుతాయో నిమిషాలతో కింద రాయండి, స్లైడ్ల పీడీఎఫ్ జతచేయండి. రిజిస్టరులో జనం రాసిచ్చిన ఫోన్ నంబర్లు తరవాతి ప్రసంగం కబురు చెప్పడానికే. అడ్మిషన్ల విభాగం అడిగినా ఇవ్వొద్దు.