హైస్కూలు రోజుల్లో చదివిన కాలేజీ కోర్సులను అమెరికా మెడికల్ స్కూలు దరఖాస్తులో చూపే విధానం

ఇంటర్ పూర్తికాగానే నీట్ ర్యాంకుతో ఎంబీబీఎస్‌లో చేరే పద్ధతి తెలిసిన తల్లిదండ్రులకు, అమెరికాలో పెరిగిన తమ పిల్లలు నాలుగేళ్ల డిగ్రీ తర్వాత ఎండీ కోర్సుకు (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టరు చదువు) దరఖాస్తు చేసేటప్పుడు, ఎప్పుడో పదకొండో తరగతిలో కమ్యూనిటీ కాలేజీలో (ఊళ్లో ఉండే రెండేళ్ల కాలేజీ) చదివిన ఒక కోర్సు మళ్లీ లెక్కలోకి రావడం వింతగానే తోస్తుంది. అయినా నిబంధన అదే. అమెరికాలోని ఎండీ మెడికల్ స్కూళ్లలో అత్యధిక భాగం ఏఏఎంసీ అనే మెడికల్ కాలేజీల సంఘం నడిపే ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సేవ ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా ఆమ్‌కాస్ గురించే. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లకు టీఎండీఎస్ఏఎస్, ఎండీకి బదులు డీఓ అనే వైద్య డిగ్రీ ఇచ్చే ఆస్టియోపతిక్ స్కూళ్లకు ఏఏకామాస్ అనే వేరే సేవలున్నాయి. వాటి సూచనలను విడిగా చదువుకోవాలి. ఒకచోట నింపిన వివరాలను కళ్లు మూసుకుని మరోచోటికి ఎక్కించకూడదు.

మూలసూత్రం ఒక్కటే: కోర్సు చెప్పి గ్రేడు ఇచ్చిన కాలేజీ ఏదైతే, ఆ కాలేజీ పేరు కిందనే కోర్సును నమోదు చేయాలి. ఆ తర్వాత ఆ క్రెడిట్లను (కోర్సు పూర్తిచేస్తే వచ్చే యూనిట్లను) స్వీకరించిన విశ్వవిద్యాలయం పేరు కింద వాటిని మళ్లీ రాయకూడదు. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. విశ్వవిద్యాలయం ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (చదివిన కోర్సులు, గ్రేడుల అధికారిక పత్రం) పాత కాలేజీ పేరు, బదిలీ అయిన క్రెడిట్ల సంఖ్య కనిపిస్తాయి. దాన్ని మన కన్సాలిడేటెడ్ మార్కుల మెమోలాగా భావించి, అన్ని సంవత్సరాల చదువూ అందులోనే ఉంది కదా, ఇక వేరే కాగితం ఎందుకని ఊరుకుంటారు. ఆమ్‌కాస్ మాత్రం అమెరికాలోనూ కెనడాలోనూ మీరు కోర్సు నమోదు చేసుకున్న ప్రతి కాలేజీ నుంచీ విడిగా అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ కోరుతుంది. క్రెడిట్లు వేరేచోటికి బదిలీ అయినా, కోర్సును మధ్యలో వదిలేసినా ఈ నియమం మారదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వాషింగ్టన్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలు కాలేజీ కోర్సులు చదివే రన్నింగ్ స్టార్ట్ పథకం కింద ఒక అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా బెల్వ్యూ కాలేజీలో 5 క్వార్టర్ క్రెడిట్ల ఇంగ్లిష్ కాంపొజిషన్ చదివి బీ గ్రేడు తెచ్చుకుందనీ, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో డిగ్రీలో చేరినప్పుడు ఆ క్రెడిట్లు బదిలీ అయ్యాయనీ అనుకుందాం. ఆమె తన దరఖాస్తులో చదివిన సంస్థల జాబితాలో బెల్వ్యూ కాలేజీని విడిగా చేర్చాలి. ఆ కోర్సును దాని కింద, నిజంగా చదివిన విద్యాసంవత్సరం, టర్మ్‌లతో (సెమిస్టర్, క్వార్టర్ లాంటి విభాగం) నమోదు చేసి, విద్యార్థి స్థాయి అడిగిన చోట ఫ్రెష్‌మన్ (డిగ్రీ మొదటి ఏడాది) అని కాక హైస్కూల్ అని ఎంచుకోవాలి. గ్రేడును, క్రెడిట్లను ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నవి ఉన్నట్టే రాయాలి. క్వార్టర్ అనేది సెమిస్టర్ కన్నా చిన్న టర్మ్ కాబట్టి, 5 క్వార్టర్ క్రెడిట్లను సుమారు 3.3 సెమిస్టర్ గంటలుగా మార్చుకునే పని ఆమ్‌కాస్‌ది. విశ్వవిద్యాలయం తన జీపీఏలో (గ్రేడుల సగటు) ఈ బీ గ్రేడును కలపకపోయినా ఆమ్‌కాస్ లెక్కించే డిగ్రీ స్థాయి జీపీఏలో అది చేరుతుంది. అదే ఇంగ్లిష్ కాక కాల్‌క్యులస్ అయివుంటే, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితాలకు విడిగా కట్టే బీసీపీఎం జీపీఏలోకి కూడా వెళ్లేది.

హైస్కూల్ అనే స్థాయి విద్యార్థి అప్పుడు చదువుతున్న తరగతిని బట్టి నిర్ణయమవుతుందే తప్ప కాలేజీని బట్టి కాదు. కొన్ని కోర్సులు విద్యార్థి తన సొంత బడిలోనే, తన బడి టీచరు దగ్గరే చదువుతాడు. కానీ క్రెడిట్ ఇచ్చేది విశ్వవిద్యాలయం. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ నడిపే యూడబ్ల్యూ ఇన్ ది హైస్కూల్ ఇలాంటిదే. కాలేజీ మెట్లెక్కలేదు కాబట్టి ఇలాంటి కోర్సును పూర్తిగా మరిచిపోవడం చాలా తేలిక. అందుచేత అనుమానం ఉన్నవారు హైస్కూలు కౌన్సెలర్‌ను అడిగి, తమ పేరిట ఏయే కాలేజీల్లో రికార్డు తెరిచి ఉందో ముందే తేల్చుకోవడం మంచిది.

ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే, హైస్కూల్లో చదివే కాలేజీ స్థాయి కోర్సుల పరీక్షల సంగతి వేరు. ఏపీ కోర్సును హైస్కూలే చెబుతుంది, పరీక్షను కాలేజ్ బోర్డు అనే సంస్థ పెడుతుంది, క్రెడిట్ మాత్రం మీరు చేరిన విశ్వవిద్యాలయం ఇస్తుంది. కాబట్టి దాన్ని ఆ విశ్వవిద్యాలయం పేరు కిందనే, క్రెడిట్ మంజూరైన టర్మ్‌లో చూపాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో టర్మ్ ఏదీ లేకపోతే ఫ్రెష్‌మన్ సంవత్సరపు మొదటి టర్మ్‌లో వేసి, కోర్సు రకం దగ్గర అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని ఎంచుకోవాలి. గ్రేడు గడిని ఖాళీగా వదలాలి. పరీక్షలో వచ్చిన 5 స్కోరును ‘ఏ’ (A) గ్రేడుగా మార్చి రాయడం తప్పు. ఈ క్రెడిట్లు జీపీఏను పెంచవు, తగ్గించవు.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. హైస్కూల్లో వచ్చిన సీ గ్రేడును కనపడకుండా చేయడానికి దారి లేదు. అదే కోర్సును డిగ్రీలో మళ్లీ చదివి ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నా, విశ్వవిద్యాలయం పాత గ్రేడును తన లెక్కలోంచి తీసేసినా, ఆమ్‌కాస్‌లో రెండు ప్రయత్నాలనూ చూపాలి, రెండూ లెక్కకు వస్తాయి. మధ్యలో వదిలేసిన కోర్సునూ విత్‌డ్రాయల్‌గా నమోదు చేయాలి.

ట్రాన్స్‌క్రిప్ట్‌లు తెప్పించే పనిని దరఖాస్తు తెరుచుకునే మే నెల కంటే ముందే మొదలుపెట్టి, ప్రతి కాలేజీ నుంచి ఒక ప్రతిని ముందుగా తమ కోసం తీసుకుని, జ్ఞాపకాన్ని నమ్మకుండా దాన్ని ఎదురుగా పెట్టుకుని కోర్సులు నింపాలి. అధికారిక ప్రతిని ఆమ్‌కాస్ దరఖాస్తులోనే తయారయ్యే రిక్వెస్ట్ ఫారంతో జతచేసి, కాలేజీ నుంచే నేరుగా పంపించాలి. హైస్కూలు ట్రాన్స్‌క్రిప్ట్ పంపనక్కరలేదు. ఫీజు కట్టింది నాన్నగారే అయినా కాలేజీ రికార్డు మీద హక్కు, విద్యార్థుల రికార్డుల గోప్యతకు ఉద్దేశించిన ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థిదే కాబట్టి, ఆ విన్నపం పిల్లలే పెట్టుకోవాలి. మనవాళ్లకు మరో జాగ్రత్త కూడా అవసరం: పదహారేళ్ల వయసులో కమ్యూనిటీ కాలేజీలో పేరు రాయించినప్పుడు ఇంటిపేరు ముందూ అసలు పేరు వెనకా పడి ఉంటే, ఆ రూపాన్ని కూడా ఆమ్‌కాస్‌లో ప్రత్యామ్నాయ పేరుగా ఇవ్వాలి. లేకపోతే వచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్ ఎవరిదో పోల్చుకోవడం కష్టమవుతుంది.

విశ్వవిద్యాలయం క్రెడిట్ స్వీకరించడమూ, మెడికల్ స్కూలు దాన్ని తప్పనిసరి కోర్సుగా ఒప్పుకోవడమూ ఒకటి కాదు. ఏపీ జీవశాస్త్రంతో సరిపెట్టుకోనివ్వక, అదే శాస్త్రంలో పైస్థాయి కోర్సు చదవమనే స్కూళ్లున్నాయి. ఒక్కో స్కూలు అభిప్రాయాన్ని ఏఏఎంసీ వారి ఎంఎస్ఏఆర్ అనే, స్కూళ్ల వివరాలిచ్చే సూచికలో చూసుకోవాలి.

అవసరమైన ట్రాన్స్‌క్రిప్ట్‌లన్నీ చేరాకనే ఆమ్‌కాస్ పరిశీలన మొదలుపెడుతుంది కనుక, మిగిలినవన్నీ అందినా ఆ ఒక్క కమ్యూనిటీ కాలేజీ కాగితం కోసం దరఖాస్తు మొత్తం ఆగిపోవచ్చు. పరిశీలన ముగిసిందన్న సమాచారం రాగానే ఆమ్‌కాస్ సరిదిద్దిన కోర్సులను, జీపీఏను వరసగా చూసుకుని, పొరపాటు కనిపిస్తే ఆలస్యం చేయకుండా అకడమిక్ చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి.