పడవ మీద బ్యాటరీ లెక్కలు – మూడో పాఠం: ఆ వంద శాతాన్ని నమ్మవచ్చా?

పోయిన పాఠంలో షంట్‌ను (తన గుండా పోయే కరెంటును కొలిచే చిన్న పరికరం) బ్యాటరీ నెగెటివ్ తీగలో బిగించి, మానిటర్ తెర మీద అంకెలు కనిపించేదాకా వచ్చాం. ఇక వాటిని చదువుదాం. అందరి చూపూ ముందు, బ్యాటరీ ఎంత నిండిందో చెప్పే శాతం మీదికే పోతుంది. మీరు మాత్రం దాన్ని చివరికి ఉంచండి.

మొదట ఆంపియర్లు. మిట్టమధ్యాహ్నం తెర మీద +3 అని ఉంటే, సోలార్ ప్యానెళ్లు మూడే ఇస్తున్నాయని కంగారు పడకండి. అవి 8 ఇస్తూ ఉండవచ్చు. ఫ్రిజ్, పంపు కలిసి 5 తీసుకోగా మిగిలిన 3 మాత్రమే షంట్ గుండా బ్యాటరీలోకి వెళుతుంది. ప్యానెళ్ల సంగతి కావాలంటే, వాటి నుంచి బ్యాటరీకి ఛార్జింగ్‌ను నియంత్రించే సోలార్ కంట్రోలర్‌ను చూడాలి. మైనస్ కనిపిస్తే బ్యాటరీ ఖర్చవుతోందన్నమాట. కంట్రోలర్ ఛార్జింగ్ చేస్తున్నట్టు చూపుతున్నా మానిటర్‌లో ప్లస్ ఎప్పుడూ రాకపోతే, కంట్రోలర్ నెగెటివ్ తీగ షంట్‌ను దాటేసి నేరుగా బ్యాటరీకి తగిలించి ఉందేమో చూడండి. అప్పుడు ఖర్చు లెక్కకు వస్తుంది, జమ రాదు.

వోల్టేజీ గురించి ఎక్కువ చెప్పను. 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ కొన్ని గంటలు ఊరికే ఉన్నాక సుమారు 12.7 ఉంటే నిండినట్టు, 12.2 దగ్గర సగం. ఎండలో కనిపించే 14 ఛార్జింగ్ వోల్టేజీయే తప్ప బ్యాటరీలో ఎంత ఉందో చెప్పదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే చాలాసేపు 13.2 చుట్టూనే కదలకుండా ఉంటుంది, కాబట్టి వోల్టేజీని చూసి పోల్చుకోవడం కష్టం.

ఇప్పుడు శాతం. మానిటర్ బ్యాటరీ లోపలికి తొంగి చూడదు. అది పద్దులు రాసే గుమాస్తా. మీరు చెప్పిన సామర్థ్యం నుంచి వచ్చినది కలుపుతూ, పోయినది తీసేస్తూ పోతుంది. చిన్న చిన్న తప్పులు రోజురోజుకూ పోగవుతాయి. అందుకే ఎప్పుడో ఒకప్పుడు "నిండింది" అని తేల్చి, పద్దును మళ్లీ 100 నుంచి మొదలుపెడుతుంది.

ఎలా తేలుస్తుంది? వోల్టేజీ మనం పెట్టిన హద్దు దాటాలి, లోపలికి వెళ్లే కరెంటు బాగా తగ్గాలి, ఈ రెండూ కొన్ని నిమిషాలు నిలవాలి. 200 ఆంపియర్-అవర్ బ్యాటరీకి కరెంటు హద్దు సామర్థ్యంలో 4 శాతం అని పెడితే, కరెంటు 8 ఆంపియర్ల లోపుకు రావాలి. గోడకు తగిలించే ఛార్జర్‌తో ఇది బాగానే పనిచేస్తుంది. సోలార్‌తోనే చిక్కు. మబ్బు పట్టినా కరెంటు తగ్గుతుంది కదా! వోల్టేజీ హద్దు 13.2 అని తక్కువగా ఉంటే, బ్యాటరీ నిండిందో ఎండ పోయిందో గుమాస్తాకు తేడా తెలియదు. సగం నిండిన బ్యాటరీకి 100 అని రాసేస్తాడు. నేనూ ఒకసారి ఆ అంకె చూసి నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోయింది.

మందు సులువు. అబ్సార్ప్షన్ వోల్టేజీ (ఛార్జింగ్ చివరి దశలో కంట్రోలర్ నిలిపి ఉంచే వోల్టేజీ) 14.4 అయితే హద్దును 14.2 చేయండి. కరెంటు హద్దు 2 శాతానికి తగ్గించండి, నిమిషాలు పెంచండి.

అభ్యాసం: మూడు రోజులు సూర్యోదయానికి ముందు, పెద్ద వాడకాలు ఆపి, వోల్టేజీ, శాతం రాసుకోండి. లెడ్-యాసిడ్ బ్యాటరీ 12.2 అంటూ ఉండగా మానిటర్ 80 అంటుంటే ఆ కాగితం దాచండి. వచ్చే పాఠంలో సామర్థ్యం సెట్టింగును దానితోనే సరిచూస్తాం.