ఆన్‌లైన్ సైబర్ సెక్యూరిటీ డిగ్రీ: ఫీజు కట్టే ముందు, ల్యాబ్ తెరిచే ముందు

ముందుగా యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో (డీఈబీ) వెబ్‌సైట్ చూడండి. యూనివర్సిటీ పేరుంటే సరిపోదు, మీరు చేరే కోర్సు, మీరు చేరే సంవత్సరానికి ఆ జాబితాలో ఉండాలి. బీసీఏ, బీఎస్సీ అయితే సరే. ఆన్‌లైన్ బీటెక్ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, మన దేశంలో దానికి అనుమతి లేదు. చేరడానికి కావలసిన విద్యార్థి గుర్తింపు సంఖ్య, అంటే డీఈబీ ఐడీ, మీరే తీసుకోండి. ఏజెంటుకు ఓటీపీ చెప్పొద్దు.

ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే నయం. బయాస్‌లో, అంటే ల్యాప్‌టాప్ మూల సెట్టింగుల్లో, వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే సౌకర్యం) ఆన్‌లో ఉందా?

ఇక అసలు జాగ్రత్త. ల్యాబ్ కోసం, కంప్యూటర్ లోపల కంప్యూటర్లను నడిపే వర్చువల్‌బాక్స్‌లో సెక్యూరిటీ పరీక్షల టూల్స్ ఉండే కాలీ లినక్స్, దాని పక్కన సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ పెట్టుకుంటాం. ఆ రెండోదాని నెట్‌వర్క్ సెట్టింగ్ మీ ల్యాప్‌టాప్ దాటి బయటికి పోనివ్వని 'హోస్ట్ ఓన్లీ'లోనే ఉండాలి. 'బ్రిడ్జ్‌డ్'లో పెట్టారంటే ఇంటి వైఫైలో అమ్మ ఫోన్ పక్కకే అదీ వచ్చి కూర్చుంటుంది. నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లను స్కాన్ చేసే ఎన్‌మ్యాప్ కమాండ్ టైప్ చేశాక ఎంటర్ కొట్టకుండా ఆగి, ఐపీ అడ్రస్ చదవండి. మన ల్యాబ్‌దైతే మామూలుగా 192.168.56తో మొదలవ్వాలి.

పక్కింటి రౌటర్, కాలేజీ సైటు నేర్చుకోవడానికే అయినా ముట్టుకోవద్దు. అనుమతి లేకుండా దురుద్దేశంతో చొరబడ్డారని తేలితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు. అనుమతి ఇస్తే కాగితం మీదే తీసుకోండి.